లాప్‌టాప్‌లో అప్‌లోడ్ బానే అవుతోంది, సర్వర్ మీద పెట్టాక కోర్స్ ఎర్రర్, పైగా బ్రౌజర్ వార్నింగులు, ఎవరైనా చూడండి ప్లీజ్

కొత్తకోడర్_బెజవాడ:

అందరికీ నమస్తే. రెండ్రోజుల నుంచి బుర్ర పనిచెయ్యట్లేదు అందుకే ఇక్కడ అడుగుతున్నా. ఒక డిగ్రీ కాలేజీకి అడ్మిషన్ ఫారం చేస్తున్నా, తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన పని, డబ్బులు తక్కువ టెన్షన్ ఎక్కువ. పిల్లలు ఫొటో, సంతకం, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం ఇవన్నీ అప్‌లోడ్ చెయ్యాలి. ముందు పేజీ మామూలు జావాస్క్రిప్ట్, రియాక్ట్ గియాక్ట్ ఏం లేదు. వెనకాల సర్వర్ ప్రోగ్రాం నోడ్, ఎక్స్‌ప్రెస్‌తో, వచ్చే ఫైల్స్ అందుకోడానికి మల్టర్. సర్వర్ మీద ఇంజిన్ఎక్స్ (బయట నుంచి వచ్చే రిక్వెస్టులు ముందు అందుకుని లోపలికి పంపేది) ముందు పెట్టి దాని వెనక నోడ్ నడుపుతున్నా, ఏపీఐ (పేజీ పంపేవి అందుకునే సర్వర్ భాగం) వేరే సబ్‌డొమైన్‌లో ఉంది. లాగిన్ టోకెన్ ఆథరైజేషన్ హెడర్‌లో పంపిస్తున్నా.

నా లాప్‌టాప్‌లో అన్నీ పోతున్నాయి, 8 ఎంబీ ఫొటో కూడా పోయింది. సర్వర్ మీద పెట్టాక చిన్న ఫైల్స్ పోతున్నాయి కానీ ఫోన్‌తో తీసిన ఫొటో పెడితే కన్సోల్‌లో ఎర్రగా కోర్స్ పాలసీ (వేరే డొమైన్ సర్వర్ ఒప్పుకుంటేనే దాని జవాబు పేజీకి ఇవ్వాలనే బ్రౌజర్ రూల్) వల్ల బ్లాక్ అయింది, యాక్సెస్ కంట్రోల్ అలౌ ఆరిజిన్ హెడర్ లేదు అని వస్తోంది. సరే అని ఎక్స్‌ప్రెస్‌లో కోర్స్ పెట్టా (ముందే ఉంది), ఇంజిన్ఎక్స్‌లో కూడా పెట్టా, అప్పుడు రెండు విలువలు ఉన్నాయి ఒకటే ఉండాలి అని ఇంకో ఎర్రర్, అది తీసేశా. నిన్న రాత్రి ఎక్కడో చూసి ఫెచ్‌లో (ఫైల్ పంపే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) కంటెంట్ టైప్ హెడర్ మల్టీపార్ట్ ఫార్మ్ డేటా అని పెట్టా, అప్పటి నుంచి చిన్న ఫైల్స్ కూడా పోవట్లేదు, 500 వస్తోంది, లాగ్‌లో బౌండరీ నాట్ ఫౌండ్ అని ఉంది. అంటే ఉన్నదీ పోయింది.

ఇంకోటి, అప్‌లోడ్ మధ్యలో పేజీ మూసేస్తారేమో అని బిఫోర్ అన్‌లోడ్ (పేజీ మూసేముందు వచ్చే ఈవెంట్) పెట్టా. "మీ పత్రాలు ఇంకా అప్‌లోడ్ అవుతున్నాయి, దయచేసి ఆగండి" అని తెలుగులో రాశా. ఆ తెలుగు రావట్లేదు, క్రోమ్ వాడిదే ఇంగ్లీషు డబ్బా వస్తోంది, అది కూడా అప్‌లోడ్ అయిపోయాక కూడా వస్తోంది. పిల్లలు అంతా పోయిందేమో అని భయపడి కాలేజీకి ఫోన్లు చేస్తున్నారట.

సోమవారం నుంచి అడ్మిషన్లు. కోడ్ పేస్ట్ చెయ్యట్లేదు ఫోన్ నుంచి టైప్ చేస్తున్నా, ఏది కావాలంటే అది చెప్తా.

అర్ధరాత్రి_డీబగ్గర్:

ముందు ఒక ప్రశ్న. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పెద్ద ఫొటో పంపు, ఆప్షన్స్ అని ఒక రిక్వెస్ట్, దాని తర్వాత పోస్ట్ అని ఇంకోటి కనపడాలి. ఆప్షన్స్‌కి ఏమొస్తోంది? పోస్ట్‌కి ఏమొస్తోంది? పోస్ట్ ఎర్రర్ లైన్‌లో ఫెయిల్డ్ అని ఉన్నదాని పక్కన ఒక నంబర్ ఉంటుంది, అది చెప్పు.

కొత్తకోడర్_బెజవాడ:

ఆప్షన్స్‌కి 204. పోస్ట్ ఎర్రగా ఉంది, స్టేటస్ దగ్గర కోర్స్ ఎర్రర్ అని ఉంది. కన్సోల్‌లో రెండో లైన్ చూస్తే ఫెయిల్డ్ పక్కన 413 అని ఉంది అన్నా, ఇది నేను అసలు చూడలేదు, పైన ఎర్ర లైన్ చూసి ఆగిపోయా.

అర్ధరాత్రి_డీబగ్గర్:

దొరికింది. నీకు కోర్స్ సమస్య లేనే లేదు.

ఎట్లా అంటే చూడు, ఆప్షన్స్‌కి 204 వచ్చింది, అంటే నీ ఎక్స్‌ప్రెస్‌లో కోర్స్ సెట్టింగ్ కరెక్ట్‌గానే ఉంది, బ్రౌజర్ పంపొచ్చా అని అడిగింది సర్వర్ పంపమంది. తర్వాత అసలు ఫైల్ పంపేసరికి అది నోడ్ దాకా రాలేదు, గుమ్మం దగ్గరే ఇంజిన్ఎక్స్ ఆపేసింది. ఇంజిన్ఎక్స్‌లో క్లయింట్ మాక్స్ బాడీ సైజ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, మనం ఏం రాయకపోతే దాని విలువ 1 ఎంబీ. అంతకంటే పెద్దది వస్తే 413 ఇచ్చి పంపించేస్తుంది. ఆ 413 పేజీ ఇంజిన్ఎక్స్ సొంతంగా తయారుచేసింది, అందులో నీ ఎక్స్‌ప్రెస్ పెట్టే కోర్స్ హెడర్ ఉండదు, ఎందుకంటే ఎక్స్‌ప్రెస్‌కి ఆ విషయమే తెలీదు. బ్రౌజర్ ఏం చేస్తుంది, వేరే డొమైన్ నుంచి వచ్చిన జవాబులో హెడర్ లేదు కాబట్టి నీ జావాస్క్రిప్ట్‌కి చూపించను అని కోర్స్ అని అరుస్తుంది. అసలు రోగం 413, పైకి కనపడే దద్దుర్లు కోర్స్.

లాప్‌టాప్‌లో 8 ఎంబీ ఎందుకు పోయిందంటే అక్కడ ఇంజిన్ఎక్స్ లేదు కదా, నేరుగా నోడ్‌తో మాట్లాడావు. మల్టర్ కూడా మనం లిమిట్ పెట్టకపోతే ఫైల్ సైజుకి అడ్డం చెప్పదు.

నమ్మకం లేకపోతే సర్వర్‌లో ఇంజిన్ఎక్స్ ఎర్రర్ లాగ్ తెరువు, క్లయింట్ ఇంటెండెడ్ టు సెండ్ టూ లార్జ్ బాడీ అని, పక్కన ఎన్ని బైట్లో కూడా రాసి ఉంటుంది. రెండ్రోజులు కోర్స్ మీద కూర్చున్నావు, ఆ లాగ్ ఒక్కసారి చూసుంటే రెండు నిమిషాల పని. నన్ను కూడా ఇదే ఒకప్పుడు ఒక పూట తిప్పింది కాబట్టి తిట్టట్లేదు.

చెయ్యాల్సింది, ఏపీఐ సర్వర్ బ్లాక్‌లో ఆ విలువ 10 ఎం అని పెట్టు, ఇంజిన్ఎక్స్ మైనస్ టీ కొట్టి కాన్ఫిగ్ సరిగ్గా ఉందో చూసుకుని రీలోడ్ చెయ్. ఒక్క సంగతి, అది ఒక్కో ఫైల్‌కి కాదు, రిక్వెస్ట్ మొత్తానికి. ఆరు పత్రాలు ఒకే ఫారంలో పంపితే ఆరూ కలిపి లెక్క. నువ్వెలా పంపిస్తున్నావో తెలీదు కానీ ఒక్కో పత్రం ఒక్కో రిక్వెస్ట్‌గా పంపడం మేలు, ఊళ్ళో సిగ్నల్ సరిగ్గా లేని పిల్లాడికి ఐదో ఫైల్ దగ్గర కట్ అయితే ముందు నాలుగు మళ్ళీ పంపక్కర్లేదు.

అట్లాగే మల్టర్‌లో కూడా లిమిట్ పెట్టు, ఇంజిన్ఎక్స్ కంటే కొంచెం తక్కువ, 8 ఎంబీ అనుకో. అప్పుడు ఇంకాస్త పెద్ద ఫైల్ వచ్చినా నీ ఎక్స్‌ప్రెస్సే ఎర్రర్ ఇస్తుంది, దాంట్లో కోర్స్ హెడర్ ఉంటుంది, పిల్లలకి ఫైల్ పెద్దదిగా ఉంది అని మంచిగా చెప్పొచ్చు. అంతకంటే ముందే జావాస్క్రిప్ట్‌లో ఫైల్ డాట్ సైజ్ చూసి అక్కడే ఆపెయ్, 40 ఎంబీ పంపించాక వద్దని చెప్పడం డేటా ప్యాక్ వాడికి అన్యాయం.

ఇంకా ఎవడో ఒకడు వచ్చి ఫెచ్‌లో మోడ్ నో కోర్స్ పెట్టు ఎర్రర్ పోతుంది అంటాడు. పెట్టకు. ఆ మోడ్‌లో ఆథరైజేషన్ హెడర్ పోదు, జవాబు కూడా నీకు చదవడానికి ఇవ్వదు. ఎర్రర్ కనపడదు అంతే.

పాతకాపు_పీహెచ్‌పీ:

పై ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు. పీహెచ్‌పీలో కూడా ఇదే తంతు, అక్కడ అప్‌లోడ్ మాక్స్ ఫైల్‌సైజ్ మామూలుగా 2 ఎంబీ, పోస్ట్ మాక్స్ సైజ్ 8 ఎంబీ ఉంటుంది. రెండోది దాటిందనుకో ఎర్రర్ పేజీ కూడా రాదు, పోస్ట్ ఖాళీ, ఫైల్స్ ఖాళీ, ఫారం నింపకుండానే నొక్కినట్టు వస్తుంది. పేరు కూడా ఖాళీగా వచ్చేసరికి నేను హెచ్‌టీఎంఎల్‌లో నేమ్ తప్పేమో అని ఒక సాయంత్రమంతా వెతికా, టీలు నాలుగు.

నేను నీ రెండో దానికి చెప్తా తమ్ముడూ, బౌండరీది. ఫార్మ్‌డేటా పంపేటప్పుడు కంటెంట్ టైప్ మనం చేత్తో పెట్టకూడదు. ఎందుకంటే మల్టీపార్ట్ అంటే ఒకే సంచిలో చాలా వస్తువులు, ఒక వస్తువు ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో చెప్పడానికి మధ్యలో ఒక గీత లాంటి స్ట్రింగ్ పెడతారు, అదే బౌండరీ. ఆ గీత ఏంటో బ్రౌజర్ పంపేటప్పుడు తనే తయారుచేసుకుని, హెడర్‌లో మల్టీపార్ట్ ఫార్మ్ డేటా అని రాసి పక్కన సెమీకోలన్ పెట్టి బౌండరీ ఈక్వల్స్ ఫలానా అని చేరుస్తుంది. నువ్వు హెడర్ చేత్తో రాసేసరికి అది నీ మాట విని నువ్వు రాసింది రాసినట్టే పంపింది, అందులో బౌండరీ లేదు. సర్వర్‌కి సంచి వచ్చింది కానీ ఎక్కడ విప్పాలో తెలీదు.

కాబట్టి ఆ లైన్ మొత్తం తీసెయ్. ఖాళీ పెట్టడం కాదు, తీసెయ్యాలి. ఆథరైజేషన్ ఒక్కటే ఉంచు. చాలామందికి ఇదెక్కడి నుంచి వస్తుందంటే, జేసన్ పంపే కోడ్‌లో అప్లికేషన్ జేసన్ అని కంటెంట్ టైప్ రాయడం అలవాటు, అదే కాపీ చేసి ఫైల్ దగ్గర మల్టీపార్ట్ అని మార్చేస్తారు. జెక్వెరీ వాడేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే అక్కడ కంటెంట్ టైప్ ఫాల్స్, ప్రాసెస్ డేటా ఫాల్స్ రెండూ పెట్టాలి, లేదంటే అది ఫార్మ్‌డేటాని స్ట్రింగ్‌గా మార్చబోయి ఇల్లీగల్ ఇన్‌వొకేషన్ అంటుంది.

ఆ లైన్ తీశాక అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఫీల్డ్ అని మల్టర్ అంటే కంగారు పడకు, ఫార్మ్‌డేటాలో అపెండ్ చేసిన పేరూ మల్టర్ సింగిల్‌లో రాసిన పేరూ ఒకటే కాదని దానర్థం. ఫొటో అని ఒకచోట, ఫోటో ఫైల్ అని ఇంకోచోట రాసుంటావ్.

ఓరుగల్లు_లూప్:

బ్రో ఆ లీవ్ సైట్ డబ్బా గురించి నేన్ జెప్త, నాకు గూడ గిదే అయ్యింది గందుకే యాదికుంది.

ఒకటి, నీ తెలుగు మాట ఎన్నడూ రాదు, దాని మీద ఆశ వదులుకో. ముందుగాల మనం రాసిందే చూపించేటోళ్ళు. మోసం జేసే సైట్లు గదే డబ్బాల మీ కంప్యూటర్ల వైరస్ ఉన్నది, పేజీ మూస్తే డబ్బులు పోతయ్ అని రాసి జనాలను బెదిరియ్యవట్టినయ్. గందుకని 2016ల ఫైర్‌ఫాక్స్ 44 నుంచి, క్రోమ్ 51 నుంచి మన మాట తీసేసిన్రు, ఇప్పుడు బ్రౌజర్ మాట ఒక్కటే వస్తది. నువ్వు తెలుగుల చెప్పాలంటే పేజీల ఒక పట్టీ పెట్టు, అప్‌లోడ్ అయితాంది ఆగుండ్రి అని, గది అందరు చదువుతరు.

రెండు, పని అయినంక గూడ ఎందుకస్తాందంటే నువ్వు లిజనర్ (గా ఈవెంట్ కోసం పెట్టిన ఫంక్షన్) తీస్తలేవు. తీస్తున్న అంటవేమో, నేన్ గట్లనే అన్న. యాడ్ ఈవెంట్ లిజనర్‌ల ఒక యారో ఫంక్షన్ అక్కడికక్కడ రాసి, రిమూవ్ ఈవెంట్ లిజనర్‌ల మళ్ళ గదే యారో ఫంక్షన్ రాసినవా? మనకు రెండు ఒక్కతీరుగనే కనవడ్తయ్ గని జావాస్క్రిప్ట్‌కు అవి రెండు వేరే వేరే ఫంక్షన్లు. కవల పిల్లల లెక్క, మొఖం ఒకటే మనుషులు ఇద్దరు. తీసెయ్యమంటే గా ఫంక్షన్ నా దగ్గర లేదే అనుకుని సప్పుడు జెయ్యకుండ ఊకుంటది, ఎర్రర్ గూడ ఇయ్యది. ఫంక్షన్‌కు ఒక పేరు పెట్టి బయట రాసుకో, రెండు కాడ గా పేరే ఇయ్యి.

అప్‌లోడ్ మొదలైనప్పుడు పెట్టు, అయినంక తీసెయ్. ఫెయిలైనా తీసెయ్యాలె, గందుకే ఫైనల్లీల పెట్టుడు మంచిది. పేజీ తెరవంగనే పెట్టకు. లోపల ప్రివెంట్ డిఫాల్ట్ పిలువు, పాత బ్రౌజర్ల కోసం రిటర్న్ వాల్యూ ట్రూ అని గూడ ఇయ్యి. కొందరు ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంటరు, క్రోమ్ 119 నుంచి ఖాళీ స్ట్రింగ్ ఇస్తే డబ్బా రాదు.

ఇంకోటి, పేజీల ఎక్కడ ముట్టకుండ టెస్ట్ జేస్తే డబ్బా రాదు, మనిషి ఏదన్న నొక్కితేనే వస్తది. ఐఫోన్‌ల సఫారీల అయితే దీని మీద భరోస పెట్టకు. అంటే ఇది కాపలా కుక్క కాదు బ్రో, వస్తె వస్తది లేకుంటె లేదు.

కొత్తకోడర్_బెజవాడ:

ఓరుగల్లు అన్నా, సరిగ్గా అదే, రెండు చోట్లా యారో ఫంక్షన్ రాశా. నాకెవరూ చెప్పలేదు ఇన్నాళ్ళు.

ఇప్పుడు అప్‌డేట్. ఇంజిన్ఎక్స్ 10 ఎం చేశా, మల్టర్ 8 చేశా, కంటెంట్ టైప్ తీసేశా. మా తమ్ముడి ఫోన్‌లోంచి 5 ఎంబీ ఫొటో పోయింది! లాగ్ కూడా చూశా, ఆ టూ లార్జ్ బాడీ లైన్లు రెండ్రోజులవీ వరసగా ఉన్నాయి, చూస్తే సిగ్గేసింది.

కానీ టెస్టింగ్‌కి కాలేజీలో ఆఫీసు సార్‌కి ఇస్తే ఇంకో నాలుగు చెప్పారు.

ఒకటి, తప్పు ఫొటో పెట్టాం అని తీసేసి మళ్ళీ అదే ఫొటో పెడితే ఏమీ అవ్వట్లేదు, వేరేది పెడితే అవుతోంది. రెండు, ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్ నుంచి పీడీఎఫ్ ఎంచుకుంటే ఒక్కోసారి ఫెయిల్డ్ టు ఫెచ్ అంటోంది, ఒక్కోసారి పోతోంది. మూడు, చివర్లో ఫైనల్ సబ్మిట్ నొక్కితే మీరు పంపే సమాచారం సురక్షితం కాదు అన్న అర్థం వచ్చే పెద్ద పేజీ క్రోమ్ చూపిస్తోంది, మాది హెచ్‌టీటీపీఎస్ ఏ కదా తాళం కూడా ఉంది. నాలుగు, సార్ అడిగింది, సీ డ్రైవ్‌లో ఫేక్‌పాత్ అనే ఫోల్డర్ ఎక్కడుంది, నా ఫైల్ అందులోకి ఎవరు పెట్టారు అని. నేను ఫైల్ పేరు చూపించడానికి ఇన్‌పుట్ డాట్ వాల్యూ వాడా.

పాతకాపు_పీహెచ్‌పీ:

నాలుగోది చూసి నవ్వాగలేదు. సార్‌కి చెప్పు, ఆ ఫోల్డర్ లేదు, వెతకొద్దని. ఫైల్ నీ కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్‌లో ఉందో వెబ్‌సైట్‌కి తెలీకూడదు, దారిలో మనిషి పేరు కూడా ఉండొచ్చు కదా, అందుకని బ్రౌజర్ ఆ దారి దాచేసి సీ కోలన్ ఫేక్‌పాత్ అని ఉత్తుత్తి దారి చూపిస్తుంది. లినక్స్‌లో మాక్‌లో కూడా సీ డ్రైవ్ అనే చూపిస్తుంది, అక్కడ సీ డ్రైవే ఉండదు. దారి తీసేసి ఊరికే పేరు ఇస్తే పోయేది, కానీ అప్పట్లో కొన్ని సైట్లు వెనక గీత కోసం వెతికి పేరు కోసుకునేవి, అవి ఆగిపోకుండా ఇలా చేశారు. నువ్వు ఫైల్స్ లో మొదటిదాని నేమ్ తీసుకో, శుభ్రంగా పేరొక్కటే వస్తుంది.

మొదటిదానికి కూడా మందు అక్కడే ఉంది. ఇన్‌పుట్‌లో ఛేంజ్ అనేది పేరుకి తగ్గట్టే మార్పు ఉంటేనే మోగుతుంది. నువ్వు తెర మీద బొమ్మ తీసేశావు కానీ ఇన్‌పుట్ కడుపులో ఆ ఫైల్ ఇంకా ఉంది, మళ్ళీ అదే ఇస్తే మారిందేముంది అనుకుంటుంది. తీసెయ్ నొక్కినప్పుడు ఇన్‌పుట్ వాల్యూని ఖాళీ స్ట్రింగ్ చెయ్. ఫైల్ వాడుకోకముందే ఖాళీ చేస్తే ఫైల్స్ లిస్ట్ కూడా ఖాళీ అవుతుంది జాగ్రత్త, ముందు ఫైల్‌ని ఒక వేరియబుల్‌లోకి తీసుకుని అప్పుడు ఖాళీ చెయ్.

అర్ధరాత్రి_డీబగ్గర్:

మూడోది నేను చెప్తా, అది కూడా ఇంజిన్ఎక్స్ వెనక నోడ్ పెట్టిన వాళ్ళందరికీ వచ్చేదే. నీ పేజీ హెచ్‌టీటీపీఎస్, కానీ ఫారం యాక్షన్‌లో ఉన్న అడ్రస్ హెచ్‌టీటీపీ అయ్యుంటుంది. అలాంటి ఫారం పంపబోతే క్రోమ్ 2020 చివరి నుంచి ఇలా అడ్డం పడి అడుగుతోంది. పేజీ సోర్స్ తెరిచి యాక్షన్ చూడు.

నువ్వు చేత్తో హెచ్‌టీటీపీ అని రాసుండవు, టెంప్లేట్‌లో రిక్వెస్ట్ ప్రోటోకాల్, హోస్ట్ కలిపి అడ్రస్ తయారుచేస్తున్నావనుకుంటా. బయట జనంతో ఇంజిన్ఎక్స్ హెచ్‌టీటీపీఎస్‌లో మాట్లాడుతుంది, లోపల నోడ్‌తో మామూలు హెచ్‌టీటీపీలో మాట్లాడుతుంది, నోడ్ తన దగ్గరికి వచ్చిందే చూసి హెచ్‌టీటీపీ అంటుంది, దాని తప్పు లేదు. ఇంజిన్ఎక్స్‌లో ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో హెడర్‌కి స్కీమ్ ఇవ్వు, ఎక్స్‌ప్రెస్‌లో ట్రస్ట్ ప్రాక్సీ 1 అని పెట్టు. లేదా ఈ గొడవంతా ఎందుకు, అదే డొమైన్‌కి పంపేదైతే యాక్షన్‌లో స్లాష్‌తో మొదలయ్యే దారి ఒక్కటే రాయి, ప్రోటోకాల్ మాటే ఉండదు.

ఇదే ఫారం కాకుండా ఫెచ్ అయితే క్రోమ్ అడగను కూడా అడగదు, మిక్స్‌డ్ కంటెంట్ అని కన్సోల్‌లో రాసి ఆపేస్తుంది. ఒక్కోసారి కోడ్‌లో హెచ్‌టీటీపీఎస్ ఏ ఉంటుంది, సర్వర్ చివర్లో స్లాష్ లేదని హెచ్‌టీటీపీకి రీడైరెక్ట్ కొడుతుంది, అప్పుడు కూడా ఇదే. అసలు అప్‌లోడ్ దారిలో రీడైరెక్ట్ ఉండకుండా చూసుకో, 301, 302 అయితే పోస్ట్ కాస్తా గెట్ అయిపోతుంది, ఫైల్ గాల్లో కలిసిపోతుంది. 307, 308 అయితేనే పోస్ట్ పోస్ట్‌గా ఉంటుంది.

సముద్రం_పక్కన:

హాయ్, ఇప్పుడే చూశాను, డ్రైవ్ ది నేను చెప్తాను, మా ఆఫీసులో ఇది నెల రోజులు సతాయించింది. ఫోన్‌ని యూఎస్‌బీతో లాప్‌టాప్‌కి కలిపి క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ డివైసెస్ తెరిస్తే ఫోన్ కన్సోల్ ఇక్కడ కనిపిస్తుంది. అక్కడ ఎర్ర్ అప్‌లోడ్ ఫైల్ ఛేంజ్డ్ అని ఉందేమో చూడండి, నాకైతే అదే అనిపిస్తోంది. జావాస్క్రిప్ట్‌కి మాత్రం ఫెయిల్డ్ టు ఫెచ్ అని ముక్తసరిగా చెప్తుంది, నెట్ పోయినా అదే మాట, ఇదైనా అదే మాట.

విషయం ఏంటంటే ఫైల్ ఎంచుకున్నప్పుడు బ్రౌజర్ ఫైల్ లోపలి డేటా అప్పుడే చదవదు, ఫలానా ఫైల్, ఇంత సైజు, ఫలానా టైంకి మారింది అని గుర్తు పెట్టుకుంటుంది అంతే. పంపేటప్పుడు వెళ్ళి చదువుతుంది. ఆ మధ్యలో ఫైల్ మారినట్టు కనిపిస్తే ఇది ఆయన ఎంచుకున్న ఫైల్ కాదు అని ఆపేస్తుంది. డ్రైవ్ ఫైల్ ఫోన్‌లో నిజంగా ఉండదు కదా, అప్పటికప్పుడు తెచ్చి ఇస్తుంది, అందుకే ఒక్కోసారి తేడా వస్తుంది. కంప్యూటర్‌లో కూడా వస్తుంది, ఎక్సెల్ ఫైల్ ఎంచుకుని, అరె ఒక నంబర్ తప్పు అని ఎక్సెల్‌లో మార్చి సేవ్ చేసి వచ్చి సబ్మిట్ నొక్కండి, ఇదే ఎర్రర్.

మేము చేసింది ఇది: ఛేంజ్ వచ్చిన వెంటనే ఫైల్ డాట్ అర్రే బఫర్ అని అవేట్ చేసి మొత్తం మెమరీలోకి తెచ్చుకుని, దాంతో కొత్త ఫైల్ ఆబ్జెక్ట్ కట్టి (పేరు, టైప్ పాతవే ఇచ్చి) దాన్నే అప్‌లోడ్ చేశాం. ఇక అసలు ఫైల్ ఏమైనా మనకి సంబంధం లేదు. చదవలేకపోతే అక్కడే తెలిసిపోతుంది, ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసి ఎంచుకోండి అని చెప్పొచ్చు. మీది 8 ఎంబీ లిమిట్ కాబట్టి పర్లేదు, 500 ఎంబీ వీడియోకి ఇలా చెయ్యకండి, ఫోన్ పడుకుంటుంది.

అడగకపోయినా ఇంకో మాట. ఫొటోలు పంపే ముందే కాన్వాస్‌లో (పేజీలోనే బొమ్మ గీసే చోటు) చిన్నవి చేస్తే చాలా గొడవలు పోతాయి, వెడల్పు 1200 కి తగ్గించి టు బ్లాబ్‌తో జేపెగ్ 0.8 క్వాలిటీలో తీస్తే 5 ఎంబీ ఫొటో కొన్ని వందల కేబీకి వస్తుంది. ఫొటో ఎక్కడ తీశారో ఉండే లొకేషన్ వివరాలు కూడా అందులోంచి పోతాయి, పిల్లల ఫొటోలు కాబట్టి మంచిదే. అయితే రెండు చోట్ల నేను బోల్తా పడ్డాను. టు బ్లాబ్ ఇచ్చేదానికి పేరు ఉండదు, ఫార్మ్‌డేటాలో అలాగే అపెండ్ చేస్తే సర్వర్‌కి బ్లాబ్ అనే పేరుతో వెళ్తుంది, ఎక్స్‌టెన్షన్ చూసే సర్వర్ తన్ని తగలేస్తుంది, అపెండ్‌లో మూడో ఆర్గ్యుమెంట్‌గా పేరు ఇవ్వండి. ఇంకోటి సంతకం. బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ సంతకాన్ని జేపెగ్ చేస్తే ఖాళీ ఉన్నచోటంతా నల్లగా వస్తుంది. నల్ల ఇంకు సంతకం నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద! ఓ వారం రోజులు అందరి సంతకాలూ బొగ్గు ముక్కల్లా వచ్చాయి, ఎవరూ చూసుకోలేదు. బొమ్మ గీసే ముందు కాన్వాస్‌ని తెల్ల రంగుతో నింపండి.

ఓరుగల్లు_లూప్:

బొగ్గు ముక్కలు 😂😂 అక్కా గా వారం ఎవ్వలు జూడలేదా నిజంగనే?

సముద్రం_పక్కన:

చూశారు, స్కానర్ బాలేదు అనుకున్నారు 😅

కొత్తకోడర్_బెజవాడ:

అందరికీ దండాలు. యాక్షన్ చూశా, హెచ్‌టీటీపీ అనే ఉంది, స్లాష్ దారి పెట్టేశా, ఆ పెద్ద పేజీ పోయింది. అదే ఫైల్ మళ్ళీ పెట్టడం కూడా అవుతోంది. ఫోన్ కలిపి చూస్తే అక్క చెప్పిన ఫైల్ ఛేంజ్డ్ ఎర్రరే, అర్రే బఫర్ చేశాక పదిసార్లు ట్రై చేశా పదిసార్లూ పోయింది.

కానీ ఒకటి కొత్తగా వచ్చింది, నేనే తెచ్చుకున్నా. ఎంచుకో బటన్ నొక్కగానే ముందు సర్వర్‌ని సెషన్ ఉందా అని అడిగి, ఉంటే ఇన్‌పుట్ డాట్ క్లిక్ చేసి ఫైల్ విండో తెరుద్దాం అనుకున్నా. ఆఫీసు వైఫైలో తెరుచుకుంటోంది, బయట నెట్ స్లోగా ఉంటే తెరుచుకోవట్లేదు, కన్సోల్‌లో ఫైల్ చూజర్ యూజర్ యాక్టివేషన్ ఉంటేనే చూపిస్తాం అని పసుపు రంగులో వార్నింగ్.

అర్ధరాత్రి_డీబగ్గర్:

మనిషి నొక్కిన వెంటనే అయితేనే ఫైల్ విండో తెరవనిస్తుంది, లేకపోతే ప్రతి సైటూ దానంతటదే తెరిచి కూర్చుంటుంది. నొక్కిన పర్మిషన్ కొద్ది సెకన్లే ఉంటుంది, నీ అవేట్ అంతకంటే ఎక్కువ సేపు పట్టింది కాబట్టి గడువు అయిపోయింది. వరస తిప్పు. నొక్కగానే విండో తెరిచెయ్, ఫైల్ ఎంచుకున్నాక సెషన్ అడుగు. ఇంకా తేలిక కావాలంటే బటన్ తీసి లేబుల్ పెట్టి ఇన్‌పుట్‌కి కట్టెయ్, జావాస్క్రిప్టే అక్కర్లేదు.

బటన్ ఉంచుతా అంటే మాత్రం దాని టైప్ బటన్ అని రాశావా చూసుకో. ఫారం లోపల టైప్ రాయని బటన్ సబ్మిట్ లెక్క, నొక్కగానే పేజీ రీలోడ్ అయి నడుస్తున్న అప్‌లోడ్ క్యాన్సిల్ అవుతుంది.

కొత్తకోడర్_బెజవాడ:

టైప్ రాయలేదు 😐 ఇప్పుడు రాశా. మొన్న రెండు అప్‌లోడ్లు మధ్యలో క్యాన్సిల్డ్ అని ఎందుకు ఉన్నాయో ఇప్పుడు అర్థమైంది, నెట్ అనుకుని మా తమ్ముడిని హాట్‌స్పాట్ ఆన్ చెయ్యి ఆఫ్ చెయ్యి అని ఒకటే తిప్పా.

లేబుల్ పెట్టా, స్లో నెట్‌లో కూడా తెరుచుకుంటోంది. సంతకం దగ్గర తెల్ల రంగు నింపా. ఆదివారం ఆఫీసు సార్ ఫోన్‌లో, ఇంకో ఇద్దరు పిల్లల ఫోన్లలో చూసి ఇక్కడ రాస్తా, అందులో ఒకరిది ఐఫోన్.

పాతకాపు_పీహెచ్‌పీ:

సర్వర్‌లో ఫైల్ రకం చెక్ చేస్తున్నావా? ఇన్‌పుట్‌లో యాక్సెప్ట్ పీడీఎఫ్ అని రాశాం కదా అని ఊరుకోకు, అది ఎంచుకునేవాడికి సూచన మాత్రమే, ఆల్ ఫైల్స్ అని మార్చి ఏదైనా పెట్టొచ్చు. బ్రౌజర్ చెప్పే ఫైల్ టైప్ కూడా ఎక్స్‌టెన్షన్ చూసి చెప్పేదే, పేరు మారిస్తే అదీ మారుతుంది. సర్వర్‌లో మొదటి కొన్ని బైట్లు చూడు, పీడీఎఫ్ అయితే శాతం గుర్తు తర్వాత పీడీఎఫ్ అనే అక్షరాలతోనే మొదలవుతుంది. దాచేటప్పుడు వాళ్ళు ఇచ్చిన పేరుతో దాచకు, నీ పేరు నువ్వు పెట్టుకో. ఐఫోన్ వాడితో ఫొటో గ్యాలరీ నుంచి ఒకటి, ఫైల్స్ నుంచి ఒకటి, రెండు రకాలుగా పెట్టించి చూడు, ఫైల్స్ నుంచి హెచ్ఈఐసీ (ఐఫోన్ వాడే ఫొటో ఫార్మాట్) రావొచ్చు.

కొత్తకోడర్_బెజవాడ:

చెక్ లేదు గురువుగారూ, ఇప్పుడే కూర్చుంటున్నా. హెచ్ఈఐసీ వస్తే మళ్ళీ వస్తా.